సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఎప్పుడు ఆపాలి? విశ్వసనీయతను కొలిచి నిర్ణయించే పద్ధతి

విడుదల తేదీ దగ్గరపడినప్పుడు జరిగే సమావేశాల్లో "టెస్టింగ్ ఇంకెన్నాళ్లు?" అన్న ప్రశ్న రాక తప్పదు. దానికి నేను ఎక్కువసార్లు విన్న జవాబు "రెండు వారాలుగా కొత్త బగ్ ఏదీ రాలేదు, ఇక చాలు" అన్నది. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బృందంలో ఈ జవాబు మీదే విడుదలకు ఒప్పుకున్నాం. తర్వాత లాగ్ ఫైళ్లు తెరిచి చూస్తే, లాగిన్ తెరలో వచ్చిన చిన్న మార్పు వల్ల, టెస్టులను తనంతట తానే నడిపే ఆటోమేషన్ స్క్రిప్టు ఆ రెండు వారాలూ మొదటి అడుగు దాటి ముందుకే పోలేదని తేలింది. ప్రతి రాత్రీ అది "వైఫల్యాలు: 0" అని రాసి ముగిసిపోయింది. మేము చదివిన సున్నా సాఫ్ట్‌వేర్ గురించి కాదు, నడవని స్క్రిప్టు గురించి. అప్పటి నుంచి, ఎంత వాడకం మీద వచ్చిన సున్నా అని అడగకుండా ఏ సున్నానూ నేను నమ్మలేదు.

ఈ మార్గదర్శి విశ్వసనీయత గురించి మాత్రమే. నిర్ణీత పరిస్థితుల్లో, నిర్ణీత కాలం పాటు, వైఫల్యం లేకుండా పనిచేసే సంభావ్యతనే విశ్వసనీయత అంటాం. కావలసిన సౌకర్యాలన్నీ ఉన్నాయా, తెరలు బాగున్నాయా అన్న పరీక్షలు అంతకుముందే ముగిసి ఉండాలి. ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా ఒకే సాఫ్ట్‌వేర్‌ను తీసుకుంటాను: పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాల్లో రైతు పోసిన పాలను తూచి, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాని ఘన పదార్థాల శాతం) చదివి, ధర కట్టి, చీటీ ముద్రించి, పదిహేను రోజులకోసారి బిల్లు తీసే సాఫ్ట్‌వేర్. ఇక్కడ ఇచ్చే కేంద్రాల సంఖ్యలు, రూపాయల లెక్కలు, పరీక్షలో వచ్చిన వైఫల్యాల సమయాలు లెక్క చూపడానికి నేను అనుకున్నవి. మీ అంకెలు పెట్టుకుని అదే లెక్క చేసుకోవచ్చు.

మొదటి మెట్టు: ఏది వైఫల్యమో ముందే రాసుకోవడం

లోపం వేరు, వైఫల్యం వేరు. లోపం కోడ్‌లో ఉంటుంది; వైఫల్యం వాడేవారికి కనిపిస్తుంది. ఒక లోపం పదేళ్లు కోడ్‌లో పడి ఉండి ఒక్క వైఫల్యాన్నీ కలిగించకపోవచ్చు, మరొకటి రోజూ పొద్దున్నే పని ఆపేయవచ్చు. ఐబీఎం సాఫ్ట్‌వేర్‌ల వైఫల్యాల రికార్డులను విశ్లేషించి ఎడ్వర్డ్ ఆడమ్స్ 1984లో ప్రచురించిన ఫలితాలు ఈ తేడాను బాగా చూపించాయి. ఆయన చూసిన లోపాల్లో దాదాపు మూడో వంతు ఎంత అరుదైనవంటే, ఒక్కో లోపం సగటున 5,000 ఏళ్ల వాడకానికి ఒకసారి మాత్రమే బయటపడుతుంది. తరచుగా ఇబ్బంది పెట్టినవి చాలా కొద్ది. కాబట్టి ఎన్ని బగ్‌లు మిగిలాయి అన్న లెక్క కంటే, ఎంత వాడకానికి ఒకసారి వైఫల్యం వస్తుంది అన్న లెక్క మీద నిర్ణయం నిలబడాలి.

పాల కేంద్రం విషయంలో నేనైతే రెండు తరగతులు పెడతాను. రైతు ఖాతాలో డబ్బు తప్పుగా పడటం, పోసిన పాల నమోదు పోవడం, ఒకరి పాలు మరొకరి పేరున ఎక్కడం మొదటి తరగతి. సేకరణ అయిదు నిమిషాలకు మించి ఆగిపోవడం రెండో తరగతి. చీటీ మీద అక్షరాలు కుడివైపుకు జరగడం వంటివి సరిచేయవలసినవే గాని, ఆపే నిర్ణయంలో వాటిని లెక్కించను. ఈ విభజనను పరీక్ష మొదలుపెట్టక ముందే రాసి, ఉత్పత్తి బాధ్యుల చేత సంతకం పెట్టించుకోవాలి. వైఫల్యం వచ్చాక తరగతి నిర్ణయించబోతే, విడుదల ఒత్తిడిలో మొదటి తరగతి వైఫల్యాలన్నీ రెండో తరగతిలోకి జారిపోతాయి.

కొలమానం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. డబ్బుకు సంబంధించిన వైఫల్యానికి సహజమైన కొలమానం ఒక్కో పోత, అంటే ఒక రైతు ఒకసారి పాలు పోసి చీటీ తీసుకోవడం. సేకరణ ఆగిపోవడానికి సహజమైన కొలమానం సేకరణ గంట.

రెండో మెట్టు: లక్ష్యానికి ఒక అంకె పెట్టుకోవడం

"చాలా నమ్మకంగా ఉండాలి" అన్న మాటను పరీక్షించలేము. వైఫల్యం వస్తే ఎవరికి ఎంత నష్టమో, దాన్ని సరిదిద్దే శక్తి మనకు ఎంత ఉందో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాలి. 400 కేంద్రాలు, రోజుకు రెండు పూటలు, పూటకు 80 మంది రైతులు అనుకుంటే రోజుకు 64,000 పోతలు. పదివేల పోతలకు ఒక తప్పు అన్న రేటు కాగితం మీద బాగానే కనిపిస్తుంది గాని, రోజుకు ఆరుగురు రైతుల చీటీలు తప్పుగా వస్తాయని దాని అర్థం. లక్షకు ఒకటి అయితే మూడు రోజులకు రెండు. ఆ మాత్రం తప్పులను బిల్లు తీసేలోగా పట్టుకుని సరిచేయగల వ్యవస్థ మన దగ్గర ఉందనుకుని, మొదటి తరగతికి లక్ష పోతలకు ఒకటి అని పెట్టుకుందాం. రెండో తరగతికి వెయ్యి సేకరణ గంటలకు ఒకటి అనుకుందాం. పూటకు రెండు గంటల చొప్పున రోజుకు మొత్తం 1,600 సేకరణ గంటలు కాబట్టి, రోజుకు ఒకటి రెండు కేంద్రాల నుంచి ఫోను వస్తుంది. సహాయ బృందం దాన్ని తట్టుకోగలదు.

ఇరవైనాలుగు గంటలూ నడిచే సేవలకు ఇదే లక్ష్యాన్ని శాతాల్లో చెబుతారు. 99.9 శాతం అందుబాటు అంటే ముప్పై రోజుల నెలలో 43.2 నిమిషాలు మాత్రమే సేవ ఆగవచ్చు. శాతం చెప్పగానే దాన్ని నిమిషాల్లోకి మార్చి చూడటం మంచి అలవాటు.

మూడో మెట్టు: అసలు వాడకాన్ని పరీక్షశాలలోకి తేవడం

ఈ మెట్టు తప్పితే మిగతా లెక్కలన్నీ వృథా, కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు నిలబడాలి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ మూసా 1993లో ఆపరేషనల్ ప్రొఫైల్ అన్న భావనను వివరంగా రాశారు. వాడేవారు ఏ పనిని ఎంత తరచుగా చేస్తారో ముందు తెలుసుకుని, టెస్టులను కూడా అదే నిష్పత్తిలో నడపాలన్నది దాని సారం. అలా నడిపినప్పుడే పరీక్షలో కనిపించిన వైఫల్య రేటు బయట కనిపించబోయే రేటుకు అంచనా అవుతుంది. టెస్టర్ తనకు తోచినట్టు మూలమూలలా వెతకడం లోపాలు పట్టడానికి చాలా మంచి పద్ధతే గాని, ఆ వెతుకులాట నుంచి రేటు లెక్కకట్టలేము.

వాడకాన్ని ఊహించి రాయకూడదు, వెళ్లి చూడాలి. పొద్దున ఆరుంపావుకు ఏదైనా పాల కేంద్రం ముందు నిలబడండి. ఒకామె గేదె పాల క్యాను, ఆవు పాల క్యాను రెండూ తెస్తుంది. ఒకే సభ్యత్వ సంఖ్య మీద నిమిషం తేడాతో రెండు పోతలు పడాలి. వెనక కుర్రాడు వాళ్ల నాన్న సంఖ్య మరచిపోయి ఎదురింటివాళ్ల సంఖ్య చెబుతాడు, తూచాక గుర్తొచ్చి మార్చమంటాడు. తూకం తీసుకుని వెన్న శాతం వచ్చేలోగా కరెంటు పోతుంది. ఇన్వర్టర్ అందుకునే ఆ రెండు మూడు సెకన్లలో కంప్యూటర్ ఆరదు గాని, వెన్న శాతం కొలిచే యంత్రం ఆరి మళ్లీ మొదలవుతుంది. తెర మీద పాత రైతు వెన్న శాతం అలాగే మిగిలి ఉంటుంది. తర్వాతి క్యాను తూకానికి ఆ పాత అంకె అతుక్కుంటే అది మొదటి తరగతి వైఫల్యం. కార్యాలయంలో కూర్చుని రాసిన టెస్టు కేసుల్లో ఈ రెండు సెకన్లు ఉండవు.

చూసినదాన్నీ, పాత వ్యవస్థ లాగ్‌లలో దొరికినదాన్నీ కలిపి ఒక పట్టిక తయారుచేయాలి: వందలో ఎన్ని మామూలు పోతలు, ఎన్ని రెండు క్యాన్ల పోతలు, ఎన్ని సంఖ్య మార్పులు, ఎన్నిసార్లు కరెంటు పోయింది. యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో ఆ నిష్పత్తిలో పరీక్షలను పుట్టించాలి. అదే పాత డేటాను పదిసార్లు తిప్పి పది రెట్లు వాడకం జరిగిందని లెక్కించడం చెల్లదు. బిల్లు తీయడం వంటి అరుదైన, కాని తప్పితే అందరికీ దెబ్బ తగిలే పనులను ఈ నిష్పత్తిలోకి కలిపితే అవి మరుగున పడిపోతాయి. వాటికి విడిగా ఎక్కువ పరీక్షలు చేసి, విడిగా లెక్క రాసుకోవాలి.

వాడకం మారితే పాత నమ్మకం చెల్లదని చెప్పడానికి 1996 జూన్ 4న కూలిన ఏరియాన్ 5 రాకెట్‌ను మించిన ఉదాహరణ లేదు. దాని దిశానిర్దేశక సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం ఏరియాన్ 4 నుంచి వచ్చింది, అక్కడ అది బాగా పనిచేసింది. కొత్త రాకెట్ మార్గంలో అడ్డ వేగం ఎక్కువ కావడంతో, 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేచోట విలువ పట్టలేదు. ప్రయోగం మొదలై నిమిషం తిరగకుండానే రాకెట్ ముక్కలైంది. పాత రాకెట్ మీద పేరుకున్న విజయవంతమైన గంటలు కొత్త రాకెట్‌కు సాక్ష్యం కాలేకపోయాయి.

నాలుగో మెట్టు: ఆపకుండా నడపడం

పరీక్షశాలలో మనం రోజూ పొద్దున్నే యంత్రాన్ని మళ్లీ మొదలుపెడతాం, డేటాబేస్‌ను శుభ్రం చేస్తాం. కాలంతో పాటు పేరుకునే లోపాలన్నీ ఆ పనితోనే మాయమవుతాయి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో శత్రు క్షిపణులను అడ్డుకునే ఒక పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ వంద గంటలకు పైగా ఆపకుండా నడుస్తోంది. సెకనులో పదో వంతును 24 బిట్లలో నిలవ చేసేటప్పుడు వచ్చే సూక్ష్మమైన తేడా ఆ వంద గంటల్లో 0.34 సెకనుకు పెరిగింది. వస్తున్న క్షిపణిని వ్యవస్థ తప్పు చోట వెతికింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. బోయింగ్ 787 విమానాల జనరేటర్ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో, 248 రోజులు నిరంతరాయంగా కరెంటు ఉంటే నిండిపోయే ఒక లెక్కింపు ఉందని 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

అందువల్ల బయట ఎంతకాలం ఆపకుండా నడుస్తుందో, పరీక్షలో కనీసం ఒక్క యంత్రమైనా అంతకంటే ఎక్కువ కాలం ఆపకుండా నడవాలి. అంత సమయం లేకపోతే, గడియారాన్ని ముందుకు జరిపి లెక్కింపులు నిండే క్షణాన్ని కృత్రిమంగా తెప్పించాలి.

అయిదో మెట్టు: వైఫల్యాలను నడిచిన గంటల్లో రాయడం

వైఫల్యం పక్కన తేదీ రాస్తే చాలదు. సెలవులు, బిల్డ్ (కోడ్ నుంచి తయారుచేసిన, నడపగల వెర్షన్) రాని రోజులు, స్క్రిప్టు ఆగిపోయిన రాత్రులు క్యాలెండర్‌లో కలిసిపోతాయి. సాఫ్ట్‌వేర్ నిజంగా నడిచిన గంటలను, పూర్తయిన పోతల సంఖ్యను యంత్రమే లెక్కించి రాయాలి. సున్నా పోతల రాత్రి నివేదికలో ఎర్రగా కనపడాలి. అలాగే, ఫలితం సరైనదో కాదో చూసే తనిఖీ విడిగా ఉండాలి. ధర పట్టిక నుంచి చీటీ మొత్తాన్ని మరొకరు రాసిన చిన్న ప్రోగ్రామ్ మళ్లీ లెక్కకట్టి పోల్చాలి, లేకపోతే లక్ష పోతలు నడిపి కూడా కంటికి కనపడిన క్రాష్‌లను మాత్రమే లెక్కించినవాళ్లమవుతాం. ఆ తనిఖీ పనిచేస్తోందో లేదో తెలియడానికి వారానికోసారి కావాలని ఒక తప్పు చీటీని లోపలికి పంపించి, పట్టుకుంటుందా అని చూడండి.

ఆరో మెట్టు: మెరుగుదల నిజంగా ఉందా?

లోపాలు సరిచేస్తూ పరీక్షిస్తున్నప్పుడు వైఫల్యాల మధ్య ఎడం పెరుగుతూ పోవాలి. కంటికి పెరిగినట్టు కనిపించడం వేరు, లెక్కలో నిలబడటం వేరు. దీనికి లాప్లాస్ పరీక్ష సులువైనది. వైఫల్యాల సమయాల సగటు తీసి, మొత్తం పరీక్షాకాలంలో సగాన్ని అందులోంచి తీసేయాలి. వచ్చినదాన్ని, మొత్తం కాలాన్ని "12 × వైఫల్యాల సంఖ్య" యొక్క వర్గమూలంతో భాగించగా వచ్చిన విలువతో భాగించాలి.

మన సాఫ్ట్‌వేర్‌ను 200 సేకరణ గంటలు నడిపితే రెండో తరగతి వైఫల్యాలు 4, 9, 17, 26, 38, 51, 70, 96, 131, 178 గంటల దగ్గర వచ్చాయనుకుందాం. మొత్తం 620, సగటు 62. సగం కాలం 100. తేడా మైనస్ 38. 120 వర్గమూలం 10.95, 200ను దానితో భాగిస్తే 18.26. మైనస్ 38ని 18.26తో భాగిస్తే మైనస్ 2.08. ఈ విలువ మైనస్ 1.96 కంటే కిందికి ఉంటే మెరుగుదల కేవలం యాదృచ్ఛికం కాదని 95 శాతం స్థాయిలో అనవచ్చు. సున్నాకు దగ్గరగా ఉంటే రేటు మారడం లేదని, ధనాత్మకంగా పెద్దదైతే సరిచేస్తున్న కొద్దీ కొత్తవి పుడుతున్నాయని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ టెస్టింగ్ ఎప్పుడు ఆపాలన్న చర్చ పక్కన పెట్టి, కోడ్ నిర్మాణం వైపు చూడాలి.

ఏడో మెట్టు: ఇంకా ఎంత పని ఉందో మోడల్‌తో అంచనా వేయడం

మెరుగుదల ఉందని తేలాక, అది ఏ వేగంతో సాగుతోందో చెప్పే విశ్వసనీయతా వృద్ధి మోడళ్లు ఉపయోగపడతాయి. 1972 నాటి జెలిన్‌స్కీ–మొరాండా, 1979 నాటి గోయెల్–ఒకుమోటో, 1984 నాటి మూసా–ఒకుమోటో వీటిలో ప్రసిద్ధమైనవి. గోయెల్–ఒకుమోటో మోడల్ మొత్తం వైఫల్యాలకు ఒక హద్దు ఉందని, రేటు ఘాతీయంగా తగ్గుతుందని అనుకుంటుంది. మూసా–ఒకుమోటో మోడల్ ముందుగా దొరికేవి తరచుగా కనిపించే లోపాలు కాబట్టి, పోనుపోను ఒక్కో సవరణ వల్ల కలిగే లాభం తగ్గుతుందని అనుకుంటుంది.

పై పది వైఫల్యాలనే రెండు మోడళ్లకూ ఇచ్చి చూశాను. గోయెల్–ఒకుమోటో ప్రకారం ప్రస్తుత రేటు 90 గంటలకు ఒకటి. ఇంకా ఒక్క లోపం కంటే తక్కువే మిగిలింది. మరో 190 గంటలు నడిపితే వెయ్యి గంటలకు ఒకటి అన్న లక్ష్యం అందుతుంది. మూసా–ఒకుమోటో ప్రకారం ప్రస్తుత రేటు 52 గంటలకు ఒకటి. లక్ష్యం అందడానికి ఇంకా దాదాపు 4,000 గంటలు కావాలి. డేటా ఒకటే, జవాబుల్లో ఇరవై రెట్ల తేడా. ఈ తేడాను దాచి, తమకు నచ్చిన మోడల్ గీసిన నున్నటి వక్రరేఖను ప్రెజెంటేషన్‌లో చూపించడం నేను చాలాసార్లు చూశాను. అది చూపించినవారు అబద్ధం చెప్పాలనుకోలేదు. రెండో మోడల్ నడిపి చూడలేదు, అంతే.

కాబట్టి కనీసం రెండు మోడళ్లు నడపండి. మొదటి ఏడు వైఫల్యాలు మాత్రమే ఇచ్చి మిగతా మూడింటిని ఏది బాగా ఊహించిందో చూడండి. ఎంత చూసినా పది పన్నెండు వైఫల్యాల మీద ఖచ్చితమైన జవాబు రాదు. నా అభిప్రాయంలో మోడల్ పని ప్రణాళిక వేయడమే: ఇంకా వారాల పనా, నెలల పనా అన్నది చెప్పడం. ఆపేయమని చెప్పే అధికారం దానికి ఇవ్వకూడదు. ఆ అధికారం తర్వాతి మెట్టుది.

ఎనిమిదో మెట్టు: బిల్డ్‌ను కదపకుండా ఉంచి నిరూపించడం

సవరణలు ఆపేసి, విడుదల చేయబోయే అదే బిల్డ్‌ను, అదే సెట్టింగులతో, మూడో మెట్టులోని వాడకం కింద నడపాలి. ఒక్క వైఫల్యం కూడా రాకపోతే ఎంత నడిపితే చాలునన్నది తేలిక లెక్క. 95 శాతం విశ్వాసం, అంటే రేటు లక్ష్యం కంటే ఎక్కువగా ఉంటే ఇలా వైఫల్యం లేకుండా గడిచే అవకాశం 5 శాతానికి మించదన్న భరోసా, కావాలంటే లక్ష్యానికి మూడు రెట్లు. 90 శాతం చాలనుకుంటే 2.3 రెట్లు, 99 శాతం కావాలంటే 4.6 రెట్లు. ఒకటిలోంచి విశ్వాస స్థాయిని తీసేసి, మిగిలినదాని సహజ సంవర్గమానం తీసి, రుణ గుర్తు తొలగిస్తే ఈ గుణకాలు వస్తాయి.

మన లక్ష్యం వెయ్యి గంటలకు ఒకటి కాబట్టి 3,000 సేకరణ గంటలు వైఫల్యం లేకుండా నడవాలి. 50 అనుకరణ కేంద్రాలను నిజమైన వేళల ప్రకారం, రోజుకు నాలుగు గంటల చొప్పున పదిహేను రోజులు నడిపితే సరిగ్గా 3,000 గంటలవుతాయి. ఒక పూర్తి బిల్లు చక్రం కూడా అందులో వస్తుంది. అదే పదిహేను రోజుల్లో పోతలు మాత్రం 50 × 30 పూటలు × 80 రైతులు, అంటే 1,20,000 మాత్రమే. లక్షకు ఒకటి అన్న మొదటి తరగతి లక్ష్యానికి 3,00,000 పోతలు కావాలి. మిగిలిన 1,80,000 పోతలను సేకరణ లేని వేళల్లో వేగంగా నడిచే వేరే అనుకరణ యంత్రాల మీద పూర్తిచేయవచ్చు. అయితే వేగం పెంచినప్పుడు వెన్న యంత్రం ఆలస్యంగా జవాబిచ్చే సందర్భాలు మాయం కాకుండా చూసుకోవాలి.

మధ్యలో ఒక వైఫల్యం వస్తే ఏం చేయాలి? మొదటి తరగతిదైతే నా దగ్గర రెండో మాట లేదు: కారణం కనుక్కుని, సరిచేసి, గడియారాన్ని సున్నా నుంచి మొదలుపెట్టాలి. సరిచేసిన బిల్డ్ వేరే సాఫ్ట్‌వేర్. పాత బిల్డ్ సంపాదించిన గంటలు దానివి కావు. సవరణ చిన్నదన్న వాదన ఎప్పుడూ వస్తుంది. ఒక్క వరుస మార్పు వల్ల కొత్త వైఫల్యం పుట్టిన అనుభవం లేని టెస్టర్‌ను నేను ఇంతవరకూ చూడలేదు.

రెండో తరగతి వైఫల్యాలకు, వాటిని సరిచేయకుండా అదే బిల్డ్‌ను కొనసాగించే పక్షంలో, వరుస పరీక్ష పద్ధతి వాడవచ్చు. మంచి సాఫ్ట్‌వేర్‌ను తిరస్కరించే ప్రమాదం 10 శాతం, లక్ష్యానికి రెట్టింపు వైఫల్య రేటున్న సాఫ్ట్‌వేర్‌ను అంగీకరించే ప్రమాదం 10 శాతం అని ఒప్పుకుంటే హద్దులు ఇలా వస్తాయి. వైఫల్యం లేకుండా 2,200 గంటలు గడిస్తే అంగీకరించవచ్చు. ఒక వైఫల్యం వస్తే 2,890 గంటల దాకా, రెండు వస్తే 3,580 గంటల దాకా నడపాలి. ఒక్కో వైఫల్యానికి సుమారు 693 గంటలు పెరుగుతాయి. మరోవైపు, నాలుగో వైఫల్యం 575 గంటలలోపే వచ్చినా, అయిదోది 1,270 గంటలలోపే వచ్చినా తిరస్కరించాలి. ఈ హద్దుల మధ్య ఉన్నంతసేపూ పరీక్ష కొనసాగుతుంది. బాగా పాడైన బిల్డ్‌కు వారాలు వృథా చేయకుండా త్వరగా తేల్చేస్తుంది కాబట్టి ఈ పద్ధతి నాకు ఇష్టం.

తొమ్మిదో మెట్టు: ఖర్చు లెక్కను ఎంతవరకు వినాలి

ఖర్చు పరంగా ఎప్పుడు ఆపాలన్న దానికి ఒకుమోటో, గోయెల్ 1980లో ఒక స్పష్టమైన నియమం ఇచ్చారు. గంట టెస్టింగ్‌కు అయ్యే ఖర్చును, ఒక లోపం బయట దొరికితే అయ్యే ఖర్చుకూ పరీక్షలో దొరికితే అయ్యే ఖర్చుకూ ఉన్న తేడాతో భాగించాలి. వైఫల్య రేటు ఆ విలువకు తగ్గినప్పుడు ఆపితే మొత్తం ఖర్చు కనిష్ఠంగా ఉంటుంది. గంటకు 1,500 రూపాయలు, బయట దొరికితే 60,000, పరీక్షలో దొరికితే 10,000 అనుకుంటే 1,500ను 50,000తో భాగించగా 0.03. అంటే 33 గంటలకు ఒక వైఫల్యం ఉండగానే ఆపేయమని లెక్క చెబుతోంది. మనం పెట్టుకున్న లక్ష్యం దానికి ముప్పై రెట్లు కఠినమైనది.

తప్పు సూత్రంలో లేదు, అందులో వేసిన రూపాయల్లో ఉంది. 60,000 మన సంస్థ భరించే ఖర్చు. పూట సేకరణ ఆగిపోతే క్యాన్లలో విరిగిపోయే పాల విలువ, చీటీ తప్పని నిరూపించలేక వదిలేసుకున్న రైతు డబ్బు ఆ లెక్కలో లేవు, ఎందుకంటే అవి మన ఖాతాలోంచి పోవడం లేదు. ఖర్చు లెక్క చేయండి, కాని నష్టపోయే అందరి నష్టాన్నీ అందులో వేసి చేయండి. వేయలేకపోతే రెండో మెట్టులో పెట్టుకున్న లక్ష్యాన్నే పట్టుకోండి. ఖర్చు లెక్క దాన్ని కఠినం చేయడానికి పనికొస్తుంది గాని, సడలించడానికి కారణం కాకూడదు.

పదో మెట్టు: టెస్టింగ్ నిరూపించలేని వాటిని ఒప్పుకోవడం

ప్రాణాలతో ముడిపడిన వ్యవస్థలకు గంటకు వంద కోట్లలో ఒక వంతు వంటి లక్ష్యాలు పెడతారు. పై లెక్క ప్రకారం వంద కోట్ల గంటలంటే 1,14,000 ఏళ్లకు పైనే, దానికి మూడు రెట్లు నడపాలి. ఇది సాధ్యం కాదని బట్లర్, ఫినెల్లి ఒకవైపు, లిటిల్‌వుడ్, స్ట్రిజిని మరోవైపు 1993లోనే చూపించారు. విమాన సాఫ్ట్‌వేర్ ప్రమాణాలు అందుకే వైఫల్య రేటును టెస్టులతో నిరూపించమని అడగకుండా, డిజైన్ సమీక్షలు, అవసరాల నుంచి కోడ్ దాకా ఉన్న గొలుసు, కఠినమైన కోడ్ కవరేజీ (టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపి చూశాయన్న కొలత) వంటి వాటి మీద ఆధారపడతాయి. అలాంటి రంగంలో "టెస్టింగ్ చాలునా?" అని అడిగితే, టెస్టింగ్ ఒక్కటే ఎన్నటికీ చాలదన్నదే నిజాయితీగల జవాబు.

అంత కఠినమైన లక్ష్యం లేకపోయినా పెద్ద అంకెల విషయంలో జాగ్రత్త అవసరం. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలోని ఒంటారియో చీకట్లో మునిగిపోవడానికి దారితీసిన కారణాల్లో, ఒహాయోలోని ఒక కంట్రోల్ రూమ్‌లో హెచ్చరికల సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దంగా ఆగిపోవడం ఒకటి. రెండు ప్రక్రియలు ఒకే డేటాను ఒకే క్షణంలో రాయబోయినప్పుడు మాత్రమే బయటపడే లోపం అది. అప్పటికి ఆ సాఫ్ట్‌వేర్ 30 లక్షల గంటలకు పైగా వాడకంలో ఉందని, ఆ లోపం ఒక్కసారీ బయటపడలేదని తయారీదారులు చెప్పారు. అన్ని గంటలు వైఫల్య రేటు చాలా తక్కువని చూపించగలవు. ఆ వైఫల్యం వచ్చిన రోజు ఏం జరుగుతుందో చూపించలేవు. హెచ్చరిక ఆగిపోతే ఆగిపోయిందని చెప్పే రెండో హెచ్చరిక ఉండాలన్నది డిజైన్‌లో తేలవలసిన విషయం. మన పాల కేంద్రంలో అయితే, సాఫ్ట్‌వేర్ ఆగిన పూట కాగితం మీద రాసుకునే పుస్తకం బల్ల మీద ఉందో లేదో విడుదలకు ముందే చూసుకోవాలి.

పదకొండో మెట్టు: నిర్ణయాన్ని రాసి, విడతలుగా విడుదల చేయడం

ఆపే నిర్ణయం ఒక పేజీ పత్రంగా ఉండాలి. ఏ బిల్డ్, ఏ వాడకం పట్టిక, ఎన్ని గంటలు, ఎన్ని పోతలు, ఎన్ని వైఫల్యాలు, ఏ విశ్వాస స్థాయిలో ఏ రేటు నిరూపితమైంది, ఏ పరిస్థితులను పరీక్షించలేదు అన్నవి అందులో రావాలి. చివరి అంశాన్ని ఖాళీగా వదిలిన పత్రం మీద నేను సంతకం పెట్టను. పరీక్షించనివి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. తేదీ ఒత్తిడి వల్ల 3,000 గంటలకు బదులు 1,500 గంటలకే ఆపవలసి వస్తే, "పాస్" అని రాయకుండా, 95 శాతం విశ్వాసంతో 500 గంటలకు ఒకటి వరకే నిరూపించగలిగామని రాయాలి. అప్పుడు ఆ తేడాను భరించడానికి ఒప్పుకునేవారు తెలిసి ఒప్పుకుంటారు.

విడుదల కూడా ఒక్కసారిగా 400 కేంద్రాలకు వెళ్లనవసరం లేదు. మొదట 20 కేంద్రాల్లో పెడితే రోజుకు 80 సేకరణ గంటలు, 3,200 పోతలు వస్తాయి. ఇవి అసలు రైతులు, అసలు కరెంటు కోతలు ఉన్న గంటలు కాబట్టి వీటి విలువ ఎక్కువ. గడియారాన్ని అక్కడా నడవనివ్వండి, వైఫల్యాలను అదే తరగతుల్లో రాయండి, పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే దారిని ఒకసారి నిజంగా చేసి చూసుకోండి. మొదటి పదిహేను రోజుల బిల్లు వచ్చాక, ఆ 20 కేంద్రాల బిల్లులను రైతుల దగ్గరున్న చీటీలతో చేత్తో కూడి సరిపోల్చాలి. ఆ కూడిక పైసలతో సహా కలిసిన తర్వాతే మిగతా 380 కేంద్రాలకు బిల్డ్ పంపండి.